బెల్లం కాదు, బెల్లు

మొన్న చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో నేను నవ్విన నవ్వుకు మా ఆయన తల యాడ పెట్టుకోవాల్నో తెలీక గోడకున్న క్యాలెండరు దిక్కు తిరిగి కూర్చున్నాడు. నా మోకాళ్ళు చూపించేదానికని చింతామణిలో పొద్దున్నే బస్సెక్కి పోయింటిమి. మా ముందర బెంచీలో ఒక చిన్నవయసు పిల్లోడు, మూతికి టవలు అడ్డం పెట్టుకోని ఉన్నాడు. పక్కన పెండ్లాము. ఆ పిల్ల కండ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయినాయి. డాక్టరు వాకిలి దగ్గరికొచ్చి, "భయపడొద్దమ్మా, ఇది పక్షవాతం కాదు. బెల్స్ పాల్సీ అంటారు. మందేసుకుంటే కొన్నాళ్ళకు మూతి సరైపోతాది" అన్నాడు. అంతే, నాకు కడుపులోంచి తన్నుకోని వచ్చింది నవ్వు.

ఆ పిల్ల నన్ను కొరికి తినేట్టు చూసింది.

"నిన్ను చూసి కాదులేమ్మా, నీ మొగుణ్ణి చూసీ కాదు. మా పెద్దనాయన గుర్తుకొచ్చినాడు. ఆయన మూతీ ఇట్లనే పోయి, ఇట్లనే వచ్చింది. ఆ మూతి వంకరపోకుంటే నాకు పెండ్లే అయ్యుండదు" అంటిని.

ఆ పిల్లకు ఏడుపు నిలిచిపోయింది. "అదెట్లవ్వా?" అనింది. అంతలో లోపల్నించి నన్ను పిలిచినారు. నేను బయటికొచ్చేలోగా వాళ్ళు వెళ్ళిపోయినారు. ఆ పిల్లకు చెప్పలేకపోయింది మీకు చెప్తాండా.

పెద్దనాయన అంటే మా నాయనకు అన్న. పెండ్లి చేసుకోలేదు. కెంచార్లహళ్ళిలో మా ఇంట్లోనే, మాతోనే ఉండేవాడు. ఎండాకాలం కూడా పంచెమీద నల్లకోటు వేసుకోని తిరిగేవాడు. ఎవరో వకీలు పోయినంక ఆయన సామాన్లు అమ్ముతాంటే చింతామణిలో కొన్న కోటది. గుండీలు ఒకటి తెల్లది, ఒకటి నల్లది, ఒకటి అసలు లేదు. ఆ కోటు చూసి ఎవరన్నా నవ్వితే, "దొరలకు చలేమి, ఎండేమి? కోటు కోటే" అనేవాడు.

ఊర్లో ఆయన్ను బెల్లుదొర అనేవాళ్ళు. ఎగతాళికే అనేవాళ్ళు, కానీ ఆయనకు అది ఎగతాళని ఎప్పుడూ తోచలేదు. పిలిస్తే "ఊఁ, చెప్పప్పా" అని నిలబడేవాడు.

ఎందుకంటే మా ఇంటిపేరు. అది బెల్లం. మా దిక్కు ఇంటిపేరుకు పెద్ద పని ఉండదు. ఇస్కూల్లో, తాలూకాఫీసులో, యాడైనా పేరుకు ముందర ఊరి అక్షరం, నాయన అక్షరం, అంతే. పక్కింటోళ్ళ ఇంటిపేరు మనకు తెలీదు, మనది వాళ్ళకు తెలీదు. పెండ్లి మాటలప్పుడు మాత్రం మూలనుండే పాత పెట్టె తీసినట్ల బయటికి తీస్తారు. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెండ్లు అయిపోతారు కదా, దానికోసరం.

మా పెద్దనాయన మాత్రం ఆ పెట్టెను దినామూ తీసేవాడు. మా ఇంటిపేరు అది కానే కాదంటాడు. బెల్లు అంట. బెల్లుదొర పేరు. తెలుగోళ్ళ నోర్లల్లో పడి చివర సున్న తగులుకున్నాదంట.

"వెనకటికి బెల్లుదొరని ఒగ దొర వేటకని బాగేపల్లి గుట్టల్లోకి వచ్చినాడు" అని మొదలుపెట్టేవాడు. మొదలుపెట్టే ముందర బొటనవేలితో ఎడమ భుజాన్ని ఒకసారి రుద్దుకునేవాడు. "దొరకు చలిజ్వరమొచ్చి పడిపోయినాడు. కూడా వచ్చినోళ్ళంతా పారిపోయినారు. మా తాత ఒక్కడే, ఇదో, ఈ భుజమ్మీద వేసుకోని చిక్కబళ్ళాపురం బంగళాకు మోసుకుపోయినాడు. దొర కండ్లు తెరిచి, నీకేం కావాల్నో కోరుకో అన్నాడు. భూమి అడగొచ్చు, బంగారమడగొచ్చు. మా తాత, 'ఏమొద్దు దొరా, నీ పేరు పెట్టుకుంటా' అన్నాడు."

మోసింది వాళ్ళ తాత భుజం, నొప్పేమో ఈయన భుజానికి. నేను చిన్నగున్నప్పుడు దొరకు వచ్చింది జ్వరమే. నేను లంగా ఓణీ కట్టేనాటికి పాము కరిచింది. నేను ఎస్సెల్సీ తప్పి ఇంట్లో కూర్చునేనాటికి చిరుతపులి కూడా వచ్చి చేరింది. "వచ్చే యాడాదికి ఏనుగొస్తాది, చూస్తాండు" అని మా అమ్మ పొయ్యికాడ గొణిగేది.

ఊర్లో ముసలోళ్ళు మాత్రం, "ఏం దొరప్పా, మీ తాత చెరుకు గానుగకాడ పెనంలో బెల్లం తిప్పతాంటే మేం పోయి చేతులు చాపి తినింటిమి గదా" అనేవాళ్ళు. ఆ మాట వస్తే పెద్దనాయన లేచి కోటు దులుపుకోని వెళ్ళిపోయేవాడు.

ఆయన బెల్లం ముట్టేవాడు కాదు. కాఫీకి చక్కెరే కావాల. పండగలో ఓళిగలు చేస్తే ఆయనకు వేరేగా చక్కెరవి చెయ్యాల్సిందే. ఉగాది నాడు అందరికీ వేపపువ్వు, బెల్లం కలిపి పెడతాం కదా, ఆయన వేపపువ్వు ఒకటే నమిలి మింగేవాడు. "నీకు ఏడాదంతా చేదే కద బావా" అని మా అమ్మ అంటే, "కానీలేమ్మా, అలవాటైపోయింది" అనేవాడు. ఆ మాట అప్పుడు ఎవరమూ పట్టించుకోలేదు.

తినకపోతే పోయె, బెల్లమనే మాటే ఇంట్లో పలికేదానికి లేదు. మా అమ్మ మొగుని పేరు పలకనట్ల ఆ మాట పలికేది కాదు. "తీపి" అనేది. అంగడికి పోయి, "ఒగ అచ్చు తీపి ఇయ్యప్పా" అంటే శెట్టి నవ్వాపుకోని ఇచ్చేవాడు. ఇదంతా చూసి ఊర్లో మమ్మల్ని దొరోళ్ళు అనేది మొదలుపెట్టినారు. దొరోళ్ళ ఎనుము, దొరోళ్ళ చేను, దొరోళ్ళ పిల్ల. దొరోళ్ళ పిల్లనంటే నేనే. ఎనుము పేడ ఎత్తే దొరోళ్ళ పిల్లను.

చింతామణి హైస్కూల్లో ఇంగ్లీషు మేష్ట్రు ఒకాయన నెయ్యి కొనేదానికి మా ఇంటికి వచ్చేవాడు. పెద్దనాయన ఆయనకు నెయ్యి తూచకముందే అడిగినాడు. "మేష్ట్రూ, దొరల్లో బెల్లు అనే ఇంటిపేరు ఉండాదా, లేదా?"

"ఉండాది. బాగానే ఉండారు" అన్నాడు మేష్ట్రు.

"దానర్థమేమి?"

"రెండు చెప్తారప్పా. చర్చిలో గంట కొట్టేవాళ్ళకు, గంట పక్కన కాపురముండే వాళ్ళకు ఆ పేరొచ్చిందంటారు. ఇంకోటి, ఫ్రెంచోళ్ళ పాత మాటల్లో బెల్ అంటే అందగాడు. మనిషి బాగుంటే అట్ల పిలిచి పిలిచి అదే ఇంటిపేరై నిలిచిందంట."

పెద్దనాయన గంటను అక్కడే వదిలేసినాడు. అందగాడినే పట్టుకున్నాడు. ఆ పొద్దు మేష్ట్రుకు నెయ్యి ఇంకో గరిటె ఎక్కువ పడింది. మరుసటి దినం నించి అద్దం ముందర కోటు సర్దుకోని, "వంశంలో ఉండేది యాడికి పోతాది" అనేవాడు.

ఆ మేష్ట్రే ఇంకోసారి వచ్చినప్పుడు, టెలిఫోను కనిపెట్టినాయన ఇంటిపేరు కూడా బెల్లేనని నోరు జారినాడు. ఇంక చూడండి! మా పెద్దనాయన చింతామణికి పోయినప్పుడంతా పోస్టాఫీసులో దూరేవాడు. ఉత్తరాల్లేవు, మనియార్డర్లు లేవు. టెలిఫోను ముందర నిలబడి, దాన్ని అల్లుణ్ణి చూసినట్ల చూసి, "మావాళ్ళ సామానప్పా, జాగ్రత్తగా చూసుకోండి" అనేవాడు. పోస్టుమాస్టరు మంచోడు. ఒకసారి ఆ నల్లదాన్ని తీసి ఈయన చెవికి పెట్టినాడంట. ఇంటికొచ్చినంక మా అమ్మ, "ఏమన్నారు బావా మీవాళ్ళు?" అని అడిగింది. "గుయ్యిమంటాండాది. ఎవురూ పలకలే. పనిలో ఉన్నట్టుండారు" అన్నాడు.

పెండ్లెందుకు చేసుకోలేదని ఎవరన్నా అడిగితే దానికీ మాట సిద్ధంగా ఉండేది. "దొరసాని దొరకాల కదప్పా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. మేమూ నవ్వేవాళ్ళం.

ఆ కాలంలోనే మా ఊరికి గ్రామసేవకుడని ఒక పిల్లోడు వచ్చినాడు. సర్కారోళ్ళు పంపించినారు. సైకిలు మీద తిరుగుతా చేన్లకు రసగొబ్బర వెయ్యండి, అంటే మన సీమ ఎరువు వెయ్యండి, అని చెప్పేది ఆయన పని. ఊర్లో రసగొబ్బర సారు అనేవాళ్ళు. మిట్టేమరి ఆయనది. మావాళ్ళే, కులమొకటే. మాపటేల మా అరుగుమీద కూర్చుంటే పెద్దనాయన ఊరుకుంటాడా? బొటనవేలు భుజమ్మీదికి పోయింది. జ్వరం, పాము, చిరుత, బంగళా, అన్నీ అయినాయి. ఎవరైనా ఇంతసేపటికి నవ్వాల్సిందే. ఆ పిల్లోడు నవ్వలేదు. మొత్తం విని, చెంప కింద చెయ్యి పెట్టుకోని, "అయితే ఆ గుర్రమేమైందప్పా?" అన్నాడు.

ఇన్నేండ్లలో గుర్రం సంగతి అడిగినోడు లేడు. దొర గుర్రమెక్కి వచ్చినాడని కూడా అప్పటిదాకా పెద్దనాయన చెప్పలేదు. "గుర్రమా... గుర్రం పాపం దొరను వెతుక్కుంటా గుట్టలన్నీ తిరిగి, చివరాఖరికి తానే బంగళాకు వచ్చింది" అన్నాడు. తలుపు చాటున చక్కెర కాఫీ పట్టుకోని నిలబడిన నాకు ఆ పిల్లోడు అప్పుడే నచ్చినాడు. దాచుకునేదేముంది, గుర్రం కోసరం అడిగినోడు మనిషిని బాగా చూసుకుంటాడు అనుకున్నాను.

ఆయనకూ నేను నచ్చినాను. ఎట్ల తెలిసిందని అడగొద్దు. చారెడు చేనుండే ఇంటికి దినామూ రసగొబ్బర చెప్పేదానికి ఎవరొస్తారు?

ఇంట్లోవాళ్ళను పంపిస్తానన్నాడు, పంపించినాడు. వాళ్ళ నాయన, మేనత్త వచ్చినారు, ఆయనా వెంబడి వచ్చినాడు. నాయన మాట్లాడడు, అంతా మేనత్తే. మొగుడు పోయినంక పుట్టింట్లోనే ఉండి ఆ ఇంటిని నడిపిన మనిషి. నన్ను చూసింది, నా చేతుల్లో కాయలు చూసింది, "పనిచేసే పిల్లే" అనింది. వక్కాకు పళ్ళెం దగ్గరికి లాక్కోని మా నాయన్ను అడిగింది: "ఇంగ మీ ఇంటిపేరు చెప్పప్పా."

మా నాయన వాళ్ళన్న దిక్కు చూసినాడు. తల వంచుకోని, "బెల్లం" అన్నాడు. మా ఇంట్లో ఆ మాట పలికింది నేను పుట్టినంక అదే మొదలు.

మేనత్త పళ్ళెం వెనక్కి తోసేసింది. "మాదీ బెల్లమే కదప్పా! ఇదేందిరా, చెల్లెలిని చూసిపెట్టుకున్నావే!" అని మేనల్లుడి మీద కేకలేసింది. ఆయనేం చేస్తాడు? ఊరంతా దొరోళ్ళు అంటాంది. ఇంట్లో తీపి అంటాండారు. బెల్లమనే మాట మా గడపలో ఆయన చెవిన పడిందెప్పుడు? నాకు ఆ పొద్దు చచ్చిపోదామనిపించింది. ఉన్నమాట చెప్తాండా.

వాళ్ళు లేచి చెప్పులు తొడుక్కుంటాంటే అరుగుమీది నించి పెద్దనాయన వాకిట్లోకి వచ్చినాడు. "ఎవురమ్మా బెల్లమన్నది? మాది బెల్లు. బెల్లుదొర పేరు. మీకూ మాకూ ఇంటిపేరు ఒకటి కాదు" అన్నాడు. కత చెప్పినాడు. ఆ పొద్దు పాము లేదు, చిరుత లేదు. భుజం కూడా రుద్దుకోలేదు.

మేనత్త అంతా విని, "కతలు మేమూ చెప్తామన్నా. ఆంజనేయసామి గుడిలో కర్పూరమార్పి చెప్తావా?" అనింది.

వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాటకు మా పక్క ఇంక తిరుగులేదు. అబద్ధమైతే సామి ఊరుకోడు. పెద్దనాయన ఎప్పుడూ మాటకు తడుముకునే మనిషి కాదు. అప్పుడు తడుముకున్నాడు. తలుపు సందులోంచి నా దిక్కు చూసినాడు. నా మొగం ఎట్లుండిందో నాకు తెలీదు. "చెప్తా, పదండి" అన్నాడు.

మిట్ట మధ్యాన్నం గుడికి పోయినాము. ఊరు ఊరంతా వచ్చింది. ఆయన కోటు విప్పి మా నాయన చేతికిచ్చి, తలమీద నీళ్ళు పోసుకోని, సామి ముందర నిలబడి, "మా ఇంటిపేరు బెల్లం కాదు, బెల్లు. ఇది అబద్ధమైతే ఈ నోరు పడిపోనీ" అని కర్పూరమ్మీద అరచెయ్యి పెట్టి ఆర్పేసినాడు. నోటి సంగతి ఎవరూ అడగలేదు. ఆయనే అన్నాడు. మా అమ్మ, "అంత మాట ఎందుకు బావా" అని అక్కడే ఏడ్చింది.

తాంబూలాలు మార్చుకున్నారు. ముహూర్తం పెట్టినారు. అరుగుమీద ఎవరన్నా "దొర కత చెప్పప్పా" అంటే, ఆ దినం మొదలుకోని ఆయన, "అయిపోయిందిలేప్పా" అనేవాడు. మళ్ళా చెప్పిందే లేదు.

పెండ్లి ఇంక దగ్గర పడిందనంగా, ఒక పొద్దున పెద్దనాయన మొగం కడుక్కుంటాంటే పుక్కిలించిన నీళ్ళు పక్కకు కారిపోయినాయి. ఆయన మా అమ్మ దిక్కు తిరిగినాడు. మూతి ఒక పక్కకు లాక్కోని పోయింది. ఒక కన్ను మూతపడలేదు. మా అమ్మ చెంబు కింద పడేసింది.

"బెల్లుదొర నోరు పడిపోయింది!" ఆ మాట మిట్టేమరికి బస్సుకన్నా ముందర చేరింది. మేనత్త వచ్చేసింది, వెంబడి ఆ రసగొబ్బర సారు, అదే మా ఆయన. గడపలోకి కూడా రాలేదామె. "చెప్పాల్సింది సామే చెప్పినాడు. ఇంగ మేం చెప్పేదేముండాది? పెండ్లి లేదు" అనింది. మా నాయన వాళ్ళన్న ముందర కూలబడి, "అన్నా, ఇప్పుడన్నా నిజం చెప్పన్నా" అన్నాడు. పెద్దనాయన చెప్పబోయినాడు. పెదాలు కలవక బ పలకలేదు. "వెల్లు, వెల్లు" అన్నాడు. పిల్లోళ్ళు నవ్వినారు. మూతపడని కంట్లోంచి నీళ్ళు కారతా ఉన్నాయి. అది ఏడుపో, జబ్బో తెలీలేదు. నేను పోయి నా కొంగుతో తుడిచినాను.

"ముందర ఆస్పత్రికి తీసుకపోదాం, పెండ్లి మాట తర్వాత" అన్నాడు మా ఆయన.

"నేనూ వస్తా. డాక్టరేమంటాడో నా చెవుల్తో నేనే వింటా" అనింది మేనత్త.

ముగ్గురూ చిక్కబళ్ళాపురం పోయినారు. అక్కడ జరిగింది మా ఆయన చెప్పగా విన్నదే. డాక్టరు కన్ను చూసి, నుదురు ముడవమని, బుగ్గలు ఊదమని, "ఇది పక్షవాతం కాదు. బెల్స్ పాల్సీ. తగ్గిపోతాది" అన్నాడంట. మా ఆయన కుర్చీలోంచి లేచి, "ఏమన్నారు సార్? ఇంకోసారి చెప్పండి" అన్నాడంట.

"బెల్స్ పాల్సీ. బెల్ అని ఒక దొర, పెద్ద డాక్టరు. దీని సంగతి విడమరిచి రాసింది ఆయనే. ఆయన ఇంటిపేరే జబ్బుకు పెట్టినారు."

పెద్దనాయన స్టూలుమీది నించి లేచినాడంట. వంకర మూతితోనే, వేలు నోటి దిక్కు చూపించుకోని, "వింటివామ్మా? వెల్లు! వెల్లు!" అన్నాడంట.

మేనత్తకు చెమటలు పట్టినాయి. అయినా ఊరికే వదిలే మనిషి కాదు. "డాక్టరు సారూ, సరిగ్గా చెప్పండి. బెల్లానికి ఈ జబ్బు వస్తాదా, రాదా?" అని అడిగింది. బెల్లమోళ్ళకు వస్తాదా అని ఆమె భావం. డాక్టరేమో ఈమె పథ్యమడుగుతాంది అనుకున్నాడు.

"బెల్లానికీ దీనికీ ఏం సంబంధం లేదమ్మా" అన్నాడు.

ఇంక కావాల్సిందేముంది! అంత చదువుకున్న డాక్టరే చెప్పేసినాడు, బెల్లానికీ బెల్లుకూ సంబంధం లేదని. బస్సు శిడ్లఘట్ట దాటినంక మేనత్త పెద్దనాయన దిక్కు తిరిగి, "అన్నా, నన్ను క్షమించు. నోరు పడిపోనీ అంటివి. సామి నోరు పడెయ్యలేదు, మీ ఇంటిపేరు మూతిమీద రాసి చూపించినాడు" అనిందంట. ఆ తర్వాతిది మా ఆయన ఇప్పటికీ వింతగా చెప్తాడు. అంత గెలిచిన పెద్దనాయన కిటికీలోంచి చూస్తా కూర్చున్నాడంట.

పెండ్లికి ముందుదినం మధ్యాన్నం. వాకిట్లో పందిరి వేస్తాండారు, పెరట్లో ఆడోళ్ళు వంటలకాడ ఉన్నారు. నాకు పసుపు పూసి కూర్చోబెట్టినారు. ఏదో కావాల్సొచ్చి సామాన్ల గదిలోకి పోయినాను. పెద్దనాయన అక్కడ కింద కూర్చోని ఉన్నాడు. కోటు లేదు. ముందర బెల్లం అచ్చు. తలంబ్రాలకు ముందర పెండ్లికొడుకూ పెండ్లికూతురూ ఒకరి తలమీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకుంటారు కదా, దానికని తెప్పించి పెట్టింది. ఆయన రాయితో ఒక ముక్క పగలగొట్టి నోట్లో వేసుకున్నాడు.

"పెద్దనాయనా!" అంటిని.

ఆయన ఉలిక్కిపడలేదు. మూతి కొంచెం సర్దుకున్నాది కానీ ఇంకా వంకరే. "ఈ పక్కకు రుచి తెలీదమ్మా. ఈ పక్కకు తెలుస్తాండాది. సగం నాలుకతో తింటాండా" అన్నాడు.

పక్కన కూర్చున్నాను. "అయితే దొర?" అని అడిగినాను.

ఇంకో ముక్క పగలగొట్టినాడు. నోట్లో వేసుకోలేదు, చేతిలో పెట్టుకోని దాన్నే చూస్తా చెప్పినాడు. "నాకూ ఒగ సంబంధం చూసినారమ్మా. దిబ్బూరహళ్ళి దిక్కు. ఆ పిల్ల నాకు ముందే తెలుసు, జాతరలో చూసింటి. మాట్లాడింటి కూడా. మా నాయన, నేను బండి కట్టుకోని పోయినాము. అంతా అయినంక ఇంటిపేరు అడిగినారు. వాళ్ళూ బెల్లమోళ్ళే. మా నాయన తాంబూలం పళ్ళెం ఎత్తుకోని లేచేసినాడు. ఆ పిల్ల వాకిట్లో నిలబడి చూస్తా ఉండింది. నాకు నోట్లో ఒగ మాట రాలేదు. బండెక్కి వచ్చేస్తిమి."

బయట పందిరికి గుంజ దిగ్గొడతాండారు. ఆ చప్పుడు నిలిచేదాకా ఆగినాడు.

"ఈ దొర నాకు శానా ఆలస్యంగా తోచినాడమ్మా. ఆ పిల్లకు వేరేచోట పెండ్లైపోయినంక తోచినాడు. బండి ఇంటికి చేరేలోగా తోచింటే బండి వెనక్కి తిప్పుతాంటి."

నేను ఏడ్చేసినాను. పసుపు మొగమంతా కారిపోయింది. దొరసాని దొరసాని అని ఎన్నేండ్లు నవ్వితిమి! ఆయన నా తలమీద చెయ్యేసి, "ఎందుకు ఏడుస్తావు? నాకు రాకపోయినా నీకు టయానికి వచ్చినాడు కదా దొర" అన్నాడు. ఆ అరచేతిలో కర్పూరం కాలిన మచ్చ ఇంకా నల్లగా ఉండింది. చేతిలోని ముక్క నా నోట్లో పెట్టి, "మిట్టేమరి అత్త వచ్చి చూడకముందే మింగెయ్యి" అన్నాడు.

మిగిలిన అచ్చును జీలకర్రతో కలిపి నూరినారు. తెల్లారి ఈయన నా తలమీద పెట్టింది అదే.

పెద్దనాయన పోయి శానా ఏండ్లయింది. మేనత్తా పోయింది. మా ఆయనకు నేనిదంతా ఎప్పుడూ చెప్పలేదు. మొన్న ఆస్పత్రి నించి వస్తా, బస్సులో, "అంతమందిలో ఏం నవ్వే అది" అని సణుగుతాంటే, ఇంక దాచి ఏం చేసేదని మొత్తం చెప్పేసినాను. ఆయన చెంప కింద చెయ్యి పెట్టుకోని విన్నాడు.

"అయితే దొర లేడు" అన్నాడు.

"లేడు."

"మీదీ బెల్లమే."

"బెల్లమే. ఇప్పుడేం చేస్తారు, పుట్టింటికి పంపిస్తారా?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా దిక్కు తిరిగి, చిన్నపిల్లోని మాదిరి, "ఆ గుర్రం కూడా లేదంటావా?" అన్నాడు.

"గుర్రం మీరడిగినంకనే పుట్టింది" అంటిని.